ఆమె లేని సమావేశం

లోపల గడియ పడిన చప్పుడు వినిపించాక కూడా దేవమణి కొంచెంసేపు తలుపు ముందే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి వరండాలో గోడవారనున్న చెక్కబెంచీ మీద కూర్చుంది. గడియ పెట్టకపోతే ఆ తలుపు నిలవదు, వానలకి ఉబ్బిపోయి దానంతటదే తెరుచుకుంటుంది, ఆ సంగతి ఆమెకి తెలుసు, తనని అవమానించాలని ఎవరూ పెట్టలేదనీ తెలుసు. తెలిసినా ఆ చప్పుడు చెవిలో ఉండిపోయింది. మతి తప్పి దిక్కులేకుండా తిరిగే ఆడవాళ్ళకి పెట్టిన ఈ రూతు నిలయంలో బోర్డు మీటింగు జరిగినన్ని రోజులూ ఆ తలుపు బార్లా తెరిచే ఉండేది. పెద్దలు మాట్లాడుకుంటూంటే ఇంట్లో ఉండే ఆడవాళ్ళలో ఎవరో ఒకరు తిన్నగా లోపలికి వచ్చి రైసుమిల్లు యజమాని మురళీమోహన్ పక్క కుర్చీలో కూర్చునేవారు, ఆయన తన ప్లేటులోంచి బిస్కెట్టు తీసి వాళ్ళ చేతిలో పెట్టేవాడు, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు, మాట ఆగేది కాదు. మాట్లాడేది ఎక్కువగా దేవమణే కాబట్టి ఒక చేత్తో ఆ మనిషి జుట్టు సర్దుతూ రెండో చెయ్యి ఊపుతూ తను చెప్పేది చెప్పుకుపోయేది. ఇవాళ బోర్డులో ఐదుగురూ లోపల ఉన్నారు. ఆమె మాత్రం బయట ఉంది. ఈ ఇల్లు పెట్టిన మనిషిని ఈ ఇంటికి పెద్దగా ఉంచాలా వద్దా అని వాళ్ళు మాట్లాడుకుంటున్నారు, మాట్లాడుకోండని తనే ఒప్పుకుంది, ఒప్పుకున్నప్పుడు ఇంత కష్టంగా ఉంటుందని అనుకోలేదు.

ఆశ్వయుజం ఎండ వరండా సగం దాకా వచ్చింది. ఆమదాలవలస మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన, దానితో పాటు సన్నటి ఊకదుమ్ము. కొంగుతో బెంచీ తుడవబోయి ఆగింది, ఎవరొచ్చి కూర్చుంటారని. లోపల కుర్చీ జరిపిన శబ్దం, ఎవరిదో దగ్గు, అది సీమోనుదే, తమ్ముడి దగ్గు ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు, ఏదో చెప్పలేక గొంతు సవరించుకునే దగ్గు. వంటింట్లోంచి అసిరమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. ఈ ఇల్లు మొదలైన నాటి నుంచీ వంట ఆమెదే, అంతకు ముందు పక్కింటి మనిషి.

"ఏటమ్మా, ఇక్కడ కూకుండిపోనావు? లోపలికెల్లవేటి?"

"నన్ను బయటుండమన్నారే."

"నిన్నా? నీ ఇంట్లోన నిన్ను బైటుండమనడానికి ఆలెవులు?"

"బోర్డు. నానే ఒప్పుకున్నాను అసిరమ్మా. ఆలని మాటాడుకోనీ."

"ఏటి మాటాడతారు? నువ్వు లేకపోతే ఆలకేటి తెలుస్తాది? ఏ గుంట ఏటి తింటాదో, ఏ గుంటకి ఏ మందో ఆలకి తెలుసేటి?" అని తలుపు వైపు చూసి గొంతు పెంచబోయింది. దేవమణి ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. అసిరమ్మ మూతి తిప్పుకుని, పులుసులో చింతపండు ఇంకా పిసకలేదని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. చేపల పులుసు. బోర్డు అంటే చేపల పులుసు. మీటింగు ఎప్పుడని ఎవరూ తేదీ అడిగేవారు కాదు, పులుసెప్పుడమ్మా అని అడిగేవారు, ఆ మాటకి అందరూ నవ్వేవారు, తనూ నవ్వేది.

వీళ్ళలో ఎవరిని ఎందుకు తీసుకుందో ఒకసారి తలుచుకుంటే నవ్వే వస్తుంది. సొసైటీ రిజిస్టరు చెయ్యాలంటే పాలకవర్గం ఉండాలన్నారు ఆఫీసులో. పాలకవర్గమంటే ఏమిటో ఆమెకి తెలియదు, మిషను ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన మనిషికి పెద్ద డాక్టరు చెప్పడం, తను చెయ్యడం, అదే తెలుసు. ఇంటికొచ్చి భర్తని అడిగితే ఆయన అన్నాడు, నీకు కాదనలేని వాళ్ళని ఐదారుగురిని రాసెయ్యి అని. ఆయన సరదాకి అన్నాడు, ఆమె అలాగే రాసింది. జగన్నాధం మాస్టారు ఆయనకి స్నేహితుడు, హైస్కూలు హెడ్మాస్టరు, అధ్యక్షుడంటే ఆ మనిషే అనిపించే నిలువెత్తు విగ్రహం. సీమోను సొంత తమ్ముడు. సంఘం పాస్టరు గారు ప్రార్థన చెయ్యడానికి కావాలి. మురళీమోహన్ నూకలూ బియ్యమూ పంపేవాడు, పంపేవాడిని కూర్చోబెట్టకపోతే బాగుండదు. అంతే. గాలివాన వచ్చి పైకప్పు రేకులు లేచిపోయినప్పుడు మాస్టారు గొడుగు కూడా లేకుండా సైకిలు మీద వచ్చాడు, సీమోను తాళ్ళు తెచ్చాడు, పాస్టరు గారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని చర్చిలోకి దాటించాడు. ఆ రోజు వాళ్ళని చూసి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంతకంటే బోర్డంటే ఏం కావాలి ఎవరికైనా? గాలివాన లేని రోజున వాళ్ళు ఏం చేశారని మాత్రం ఎవరూ అడగలేదు, డబ్బిచ్చే సంస్థ నుంచి ప్రకాష్ వచ్చేదాకా.

ఆయన. రైల్వేలో బుకింగు క్లర్కు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో కిటికీ వెనకాల కూర్చున్న ఆయనకి మధ్యాహ్నం క్యారియరు పట్టుకెళ్ళేది ఆమె, ఆస్పత్రి డ్యూటీ లేని రోజుల్లో. అలా వెళ్ళినప్పుడే ప్లాట్‌ఫారం చివర నీళ్ళ కుళాయి దగ్గర ఆ మనిషి కనపడింది. ఒంటి మీద బట్ట సరిగా లేదు, జుట్టు అట్టగట్టి ఉంది, కుళాయి కింద రెండు చేతులూ పెట్టి నీళ్ళు పోనిస్తోంది, తాగడం లేదు. ఎక్కడో ఎవరో రైలెక్కించారు, ఎక్కడ దిగాలో చెప్పలేదు, టిక్కెట్టు లేదని ఎవరో ఇక్కడ దింపారు. హౌరా వైపు నుంచి వచ్చే బళ్ళలో ఇలాంటి వాళ్ళు దిగుతూనే ఉంటారని పోర్టర్లు చెప్పారు. క్యారియరు ఆయనకివ్వకుండా ఆమె ముందు పెట్టి కూర్చుంది దేవమణి. ఆయన కిటికీ మూసి వచ్చి చూసి, నాకు ఆకలేస్తే టీ తాగుతాను గానీ నీ మనసెలాగూ ఆగదు, తీసుకెళ్ళు అన్నాడు. రిక్షాలో ఎక్కిస్తే ఆ మనిషి ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ బరువు. ఎవరిదో తెలియని ఒక మనిషి తల బరువు భుజానికి తగిలితే, పిల్లలు కలగని ఒంట్లో ఎక్కడో ఏదో కదిలినట్టు. ఆ మాట ఆయనకి కూడా చెప్పలేదు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో, ఇప్పుడు ఈ బెంచీ మీద తన పక్కన ఉంటే ఏమనేవాడు. కాదనలేని వాళ్ళని రాయమని నేనే కదా అన్నాను, అనేవాడా.

అలా దొరికిన మనిషికి రూతు అని పేరు పెడదామనుకుంది దేవమణి, బైబిల్లో రూతులాగా పరాయి దేశం వచ్చిన మనిషి కదా అని. స్నానం చేయించడానికి వచ్చిన అసిరమ్మ ఒప్పుకోలేదు. మరిడమ్మ తల్లి పండగ నాడు దొరికిన మనిషికి ఇంకో పేరేటి, మరిడమ్మే అంది, ఆ పిలుపుకే ఆ మనిషి తల తిప్పి చూసింది. దాంతో రూతు పేరు ఇంటికి మిగిలింది. మరిడమ్మ ఎన్నడూ ఒక్క మాట మాట్లాడలేదు. ఏ భాషో, ఏ ఊరో, పెళ్ళైందో, పిల్లలున్నారో తెలియదు. కానీ కొత్తగా ఎవరిని తీసుకొచ్చినా ఆ మనిషి వెనక పీట వేసుకుని కూర్చుని జుట్టు దువ్వేది. కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, పేలు తీసి, తొందరేమీ లేకుండా. అరిచేవాళ్ళు, కొట్టేవాళ్ళు, మూలకి ముడుచుకుపోయేవాళ్ళు, అందరూ ఆ దువ్వెన కింద మెత్తబడేవారు. ఆ తర్వాతే అన్నం తినేవారు. ఏ మందూ అంత పని చెయ్యదని డాక్టరు అరుణశ్రీ కూడా అనేది.

అరుణశ్రీ గొంతు ఇప్పుడు లోపలి నుంచి వినిపిస్తోంది. మాటలు అర్థం కావడం లేదు, గొంతు మాత్రం నిదానంగా, గట్టిగా, ఎక్కడా ఆగకుండా. ఆ పిల్ల చదువుకునే రోజుల్లో విజయనగరం నుంచి ఆదివారాలు వచ్చేది, ఆడవాళ్ళకి గోళ్ళు తీసేది, పిచ్చి మందులంటే భయపడే దేవమణికి ఏ మాత్ర ఎందుకో విడమరిచి చెప్పేది. ఇప్పుడు మానసిక వైద్యురాలు. ఈ పిల్లని బోర్డులోకి తెచ్చింది తనే. ఎవరూ బలవంతపెట్టలేదు. తనే ఫోను చేసి, అమ్మలూ, మాకు అడిగేవాళ్ళు కావాలట, నువ్వు వచ్చి అడుగు అంది.

అడిగేవాళ్ళు కావాలన్నది ప్రకాష్. ఇంటి ఖర్చులో సగం భరించే సంస్థవాళ్ళు విశాఖపట్నం నుంచి పంపారు అతన్ని, మీ బోర్డు ఎలా పనిచేస్తోందో చూసి రమ్మని. ఆయాల పని చూస్తారు, ఆడవాళ్ళని చూస్తారు, వంటిల్లు చూస్తారు, బోర్డుని చూడడమేమిటో ఆమెకి వింతగా అనిపించింది. సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, పెద్దవాళ్ళంటే మర్యాద ఉన్న కుర్రాడు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి విడివిడిగా మాట్లాడాడు. ఆఖరున ఈ వరండాలోనే ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, మీ బోర్డు మీకు ఎప్పుడైనా వద్దు అని చెప్పిందా?"

ఆమె పక్కున నవ్వేసింది. "వద్దని ఎందుకు చెప్తారు బాబూ? నేనేమైనా చెడ్డపని చేస్తున్నానా?"

అతను నవ్వలేదు. "ఇంట్లో ఎంతమందికి చోటుందో మాస్టారు గారిని అడిగాను. దేవమణమ్మకి తెలుస్తాది అన్నారు. రాత్రి డ్యూటీ ఎవరు చూస్తారని మీ తమ్ముడు గారిని అడిగాను. అప్పకి తెలుస్తాది అన్నారు. మీ తర్వాత ఎవరని అడిగితే పాస్టరు గారు దేవుడు అన్నారు. అందరూ మంచివాళ్ళే అమ్మా. మీరంటే వాళ్ళకి ప్రాణం. కానీ ఈ ఇల్లు మీరు ఒక్కరే మోస్తున్నారు. మీరు పొరపాటు పడితే మీ చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు ఎవరూ లేరు."

ఆ మాటకి ముందు ఒళ్ళు మండింది. ఎవరు నువ్వు, నిన్న గాక మొన్న పుట్టావు, నేను ప్లాట్‌ఫారం మీద ఎవరి మలమూత్రాలు ఎత్తానో నీకు తెలుసా అనాలనిపించింది. అనలేదు. అతను వెళ్ళిపోయాక మాత్రం ఆ మాటే మనసులో తిరుగుతూ ఉండిపోయింది, చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు. ఆస్పత్రిలో సూదిమందు పొడిచే ముందు ఇంకో నర్సు వచ్చి సీసా మీద పేరు చదివేది, అది రూలు, ఎంత అనుభవం ఉన్నదానికైనా ఆ రూలు తప్పదు, దాన్ని ఎవరూ అనుమానం అనుకునేవారు కాదు. ఇక్కడ ఆ ఇంకో నర్సు లేదు. అదే కదా ఆ కుర్రాడు అంటున్నది. అర్థమయ్యాక అతనికి తనే ఫోను చేసింది, ఏం చెయ్యమంటావు బాబూ అని. అడిగేవాళ్ళని తెచ్చుకోండి, ఏడాదికొకసారైనా మీరు లేకుండా వాళ్ళని కూర్చోనివ్వండి అన్నాడు. సరే అంది. అంత సుళువుగా అంది.

అరుణశ్రీ వచ్చిన మొదటి మీటింగులో, ఈ పెద్ద గదిలో ఎన్ని మంచాలు వేస్తే మనిషికీ మనిషికీ మధ్య గాలి ఆడుతుంది అని అడిగింది. అందరూ దేవమణి వైపు చూశారు. దేవమణి చెప్పింది, ఉన్నవాటికి సగం అని. అయితే మిగతా సగం ఎందుకున్నాయి అంది ఆ పిల్ల. ఎందుకంటే ప్లాట్‌ఫారం మీద ఇంకా మనుషులున్నారు కాబట్టి, అంది దేవమణి. జగన్నాధం మాస్టారు భోజనాలకి లేద్దామా అన్నాడు. పులుసు వడ్డిస్తూంటే ఆమెకి ఒక పక్క పౌరుషం, ఒక పక్క లోపల ఎక్కడో గర్వం, ఇదిగో అడిగే మనిషి వచ్చింది, నేనే తెచ్చాను అని. ఆ పిల్ల చేప తల తినదని గుర్తుపెట్టుకుని నడిమి ముక్క వేసింది.

తర్వాత వానలు. ఈ ఏడు శ్రావణంలో ఎడతెరిపి లేకుండా పట్టిన వాన, గోడలు చెమ్మ, ఆరని బట్టలు, ఒకరి నుంచి ఒకరికి జ్వరం. మంచానికి ఇద్దరు, కింద చాపల మీద మిగతావాళ్ళు. మరిడమ్మకి రొప్పు వచ్చింది, ఒక మంచం ఆమెకే వదిలారు. అప్పటికే జబ్బుపడి ఇద్దరు ఆయాలు రావడం మానేశారు. మరిడమ్మని ఆస్పత్రికి తీసుకెళ్దామనుకుంటూనే ఉంది దేవమణి, ఈ వాన కొంచెం తెరిపి ఇస్తే అని, పొద్దున్న వేసిన మందుకి కొంచెం నెమ్మదించింది కదా అని. ఇంతలో స్టేషన్లో ఎవరో గర్భిణీ మనిషి పట్టాల మీదకి వెళ్ళిపోతోందని కబురొస్తే పద్మజని తోడు తీసుకుని వెళ్ళింది. పద్మజ ఈ ఇంట్లో ఆమె తర్వాత అంతా చూసుకునే పిల్ల. ఆ గర్భిణి భయపడి దగ్గరికి రానివ్వలేదు, వానలో ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ పరుగెత్తింది, బతిమాలి బామాలి ఆటో ఎక్కించేసరికి సాయంత్రమైంది. ఇంటికొచ్చేసరికి అసిరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. "పోనాదమ్మా" అంది. "నాను పొయ్యి కాడ్నుంచి అన్నం దించీసి వచ్చీతలికే పోనాది. ఒక్కర్తీ పోనాది."

చాలా ఏళ్ళు మిషను ఆస్పత్రిలో చావులు చూసిన చేతులు. దేవమణి మరిడమ్మ కళ్ళు మూసింది, ఒళ్ళు తుడిచింది, తెల్లచీర కట్టింది, ఆ జుట్టు తనే దువ్వింది, నెరిసి పలచబడిన జుట్టు, దువ్వించుకోవడానికి ఆ మనిషికి ఎవరూ లేరని అప్పుడు తోచింది. ముందుగదిలోకి మార్చారు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూస్తే తడిసి ముద్దయిన ఆ గర్భిణి గోడకి ఆనుకుని వణుకుతోంది, నిండు చూలాలు, చాప కూడా ఖాళీ లేదు. మరిడమ్మ మంచం ఒకటే ఖాళీగా ఉంది. దుప్పటి మార్చి, పరుపు తిరగేసి ఆ పిల్లని దాని మీద పడుకోబెట్టింది దేవమణి. ఆ క్షణంలో అందులో ఆలోచించాల్సింది ఏదీ ఆమెకి కనపడలేదు. ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుని ఎన్నోసారో ఆలోచిస్తే కూడా, మళ్ళీ అదే పని చేస్తుంది, ఆ పిల్లని నేల మీద పడుకోబెట్టలేదు. అయితే తప్పు ఎక్కడుంది? ఆ రోజులో ఏ గంటలో ఉంది? ఆ గంట ఆ రోజుది కాదేమో. ఏడాది ముందుదేమో, ఇంకా ముందుదేమో, మంచాల మధ్య గాలి లేదని తెలిసీ ఇంకో మంచం వేయించిన ఏదో ఒక మామూలు మధ్యాహ్నానిదేమో. అలాంటి మధ్యాహ్నాలు ఎన్ని. అన్నిట్లోనూ ఆమె ఎవరినో ఒకరిని కాపాడింది. అన్నిట్లోనూ మరిడమ్మకి చోటు కొంచెం కొంచెం ఇరుకైంది.

సంతాపం చెప్పుకోవడానికి బోర్డు కూర్చున్నప్పుడు అరుణశ్రీ తలెత్తకుండా అడిగింది, "అమ్మా, ఆ మంచం ఆ సాయంత్రమే ఇంకొకరికి ఇచ్చారా?" అవునంది దేవమణి. మురళీమోహన్ చేతిలో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. ఎవరైనా ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది, తిట్టినా బాగుండును. అరుణశ్రీ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. "మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగలేదమ్మా. మేం అందరం ఎక్కడున్నామని అడుగుతున్నాను. ఒకసారి మీరు లేకుండా కూర్చుంటాం, ఒప్పుకుంటారా?" ఆ మాటకి తమ్ముడు సీమోను ఉలిక్కిపడి అప్ప వైపు చూశాడు. ఒప్పుకోకపోతే అంతటితో అయిపోయేది, ఎవరూ ఆమెని కాదనేవారు కాదు. అందుకే ఒప్పుకుంది.

గర్భిణి సంగతి లోపల ఎవరైనా గుర్తు చేస్తున్నారా. ఆ పిల్ల బతికింది, బిడ్డా బతికింది, ఒడిశాలో వాళ్ళ అన్న వచ్చి ఏడ్చుకుంటూ తీసుకెళ్ళాడు, దేవమణి కాళ్ళ మీద పడబోతే ఆమె పట్టుకుని లేపింది. అది కూడా లెక్కలోకి రావాలి కదా. ఎవరు చెప్తారు లోపల? సీమోను చెప్తాడు. నోరు లేకపోయినా చెప్తాడు. వాడిని చంకనెత్తుకుని తిరిగింది, అమ్మ పొలం పనికి వెళ్తే వాడికి గంజి తాగించింది, తన మొదటి జీతంతో వాడికి చెప్పులు కొన్నది. అప్ప మాటకి వాడు ఎన్నడూ ఎదురు చెప్పలేదు, ఆస్తి పంపకాలప్పుడు కూడా అప్ప ఏదంటే అదే అన్నాడు. అప్పని తీసెయ్యడానికి చెయ్యెత్తమంటే ఎత్తడు. వాడొక్కడు ఎత్తకపోయినా చాలు. ఇలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఇలాంటి వాళ్ళ మీదే కదా ఇల్లు కట్టుకున్నది.

వెనక గదిలో ఎవరో పాడుతున్నారు, భాష తెలియని పాట. గూడ్సు బండి ఒకటి దూరంగా పోతోంది, పోతూనే ఉంది, ఒక్కో పెట్టెకీ నేల కొంచెం కదులుతోంది. అది పూర్తిగా వెళ్ళిపోయాక లోపల మాటలు లేవని గమనించింది. అంత నిశ్శబ్దం ఎందుకో ఆమెకి తెలుసు. చేతులెత్తుతున్నారు.

గడియ తీశారు. బయటికి వచ్చింది అరుణశ్రీ కాదు, జగన్నాధం మాస్టారు. లోపలికి రండమ్మా అని పిలుస్తాడనుకుని లేవబోయింది, ఆయన వద్దని చెయ్యి ఊపి, నడుం పట్టుకుని నెమ్మదిగా వచ్చి బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. చేతిలో కాయితం ఉంది. కళ్ళజోడు పెట్టుకున్నాడు, మళ్ళీ తీసేశాడు.

"సదివి వినిపించమన్నారు. నాను సదవలేను దేవమణమ్మా. నోటితో సెప్పీస్తాను." ఆయన అంత పెద్ద హెడ్మాస్టరు, మీటింగుల్లో గ్రాంథికంగా మాట్లాడే మనిషి, ఇవాళ ఇంటిభాషలో మాట్లాడుతున్నాడు. "ఇకమీదట కొత్తవాళ్ళని తీసుకోవద్దన్నాం. ఉన్నవాళ్ళలో ఇల్లు దొరికినవాళ్ళని ఇంటికి పంపి, ఆ గదిలోన గాలి ఆడేదాకా. రాత్రికి నర్సుని పెట్టాలన్నాం. ఇంటి బాద్దెత పద్మజకి ఇచ్చేం. మీరు ఉండండి. పెద్దదిక్కుగా ఉండండి, ఎవులూ మిమ్మల్ని ఎల్లమనరు. కానీ ఎవర్ని తేవాల, ఎవర్ని ఉంచాల అన్నది ఇంక మీ సేతుల్లో ఉండదమ్మా."

ఆమెకి ముందు ఆయన చేతులే కనపడ్డాయి, మచ్చలు పడిన ముసలి చేతులు, కాయితాన్ని మడతమీద మడత పెడుతున్నాయి.

"అందరూ ఒప్పుకున్నారా?"

"అందరూ."

"సీమోనూ?"

మాస్టారు కాయితాన్ని ఇంకో మడత పెట్టాడు. "ముందుగాల సెయ్యెత్తింది ఆడే" అన్నాడు. "ఎత్తి, ఏడిసేడు. మా అప్ప సచ్చిపోతాదండి ఇలాగైతే అన్నాడు. మరిడమ్మ పోనాక అప్ప ఒక్క పూట కూడా కడుపు నిండా తినలేదు, మనం నోరు మూసుకుని పులుసు తిన్నాం అన్నాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు సందులోంచి సీమోను వీపు కనపడుతోంది, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పిలుద్దామనుకుంది, పిలవలేదు. కోపమా అంటే కోపమే, వాడికి చెప్పులు కొన్న సంగతి దగ్గర నుంచి అన్నీ కోపంగానే గుర్తొస్తున్నాయి. అయినా ఆ కోపం కింద ఏదో ఆనినట్టు ఉంది, ఇన్నాళ్ళూ గాలిలోకి చాపిన చేతికి మొదటిసారి గోడ తగిలినట్టు. మీ బోర్డు మీకు వద్దని చెప్పిందా అని ఆ కుర్రాడు మళ్ళీ అడిగితే చెప్పాలి, చెప్పింది బాబూ, ఇవాళ చెప్పింది, చాలా ఆలస్యంగా చెప్పింది, మరిడమ్మ ఉండగా చెప్పి ఉంటే బాగుండును.

"ఇన్నేళ్ళూ అధ్యచ్చుడినని కుర్సీలో కూకున్నాను" అన్నాడు మాస్టారు. "మీకు పని సేసింది ఇయ్యాలొక్కరోజే అనుకుంతన్నాను. మీ మనసు కష్టపెట్టీసేను."

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. రైల్వే పోలీసుల్లో పనిచేసే ఆడ కానిస్టేబులు ముందు దిగి, వెనక సీట్లో ఉన్న మనిషిని దిగమని బతిమాలుతోంది. చిన్నవయసు మనిషి. చీర మీద చీర కట్టుకుని ఉంది, మోచేతుల దాకా ప్లాస్టిక్ గాజులు, కాళ్ళకి చెప్పులు లేవు. పాదాలు పగిలి ఉన్నాయి.

"అమ్మా, పొద్దున్న బండికి దిగినాదండి" అని కానిస్టేబులు కేకేసింది. "ఒడియా మాటాడతాది. ఎవులూ లేరంతన్నాది. మీ కాడికి తెచ్చీసినాను."

దేవమణి లేచింది. లేవడం ఆమె చేసిన పని కాదు, మోకాళ్ళు వాటంతటవే లేచాయి. రెండు మెట్లు దిగాక ఆగింది. వెనక్కి చూస్తే వరండాలోకి అందరూ వచ్చి నిలబడ్డారు, అరుణశ్రీ, పాస్టరు గారు, మురళీమోహన్, వాళ్ళ వెనక ఎర్రబడ్డ కళ్ళతో సీమోను. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అసిరమ్మ. పద్మజ గేటు దగ్గరికి వెళ్ళింది గానీ ఇటు తిరిగి దేవమణి ముఖంలోకే చూస్తోంది. ఇప్పుడు తను ఆ ఆటోలో మనిషి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తే ఇక్కడున్న వాళ్ళలో అడ్డం వచ్చేవాళ్ళు లేరు. లోపల చెయ్యెత్తిన అందరూ కళ్ళు దించుకుంటారు. సాయంత్రానికి ఎవరో ఒకరి మంచం పక్కన చాప పరుస్తారు. ఆ తీర్మానం మాస్టారు చేతిలో ఆ మడతల్లోనే ఉండిపోతుంది. మళ్ళీ ఇంకెప్పుడూ వీళ్ళు నోరెత్తరు. అది కూడా ఆమెకి స్పష్టంగా కనపడింది.

అరుణశ్రీ ఫోను తీసి పెద్దాస్పత్రి వార్డుకి చేస్తోంది, ఒక మంచం కావాలి, ఈ రోజే, నేనే తీసుకొస్తాను అంటోంది.

దేవమణి మిగతా మెట్లు దిగి ఆటో దగ్గరికి వెళ్ళింది. సీటు అంచున ముడుచుకుని కూర్చున్న ఆ మనిషి ముందుకి వంగి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. గాజులు గలగలమన్నాయి. జుట్టులో ఎండిన గడ్డిపరకలున్నాయి, దేవమణి రెండో చేత్తో ఒకటి తీసింది, ఇంకోటి తీసింది. వచ్చీరాని ఒడియా ఆమెకి ఈ మనుషుల దగ్గరే పట్టుబడింది, ఆకలేస్తోందా, భయం లేదు, పడుకో, ఇది నీ ఇల్లే, ఇలాంటి మాటలే తెలుసు. ఇప్పుడు కావలసిన మాట ఎన్నడూ వాడనిది, ముక్కలు ఏరి కూర్చుకోవలసి వచ్చింది.

"మా, ఏఠి జాగా నాహి" అంది. ఇక్కడ చోటు లేదమ్మా. డాక్టరమ్మ నిన్ను మంచి ఆస్పత్రికి తీసుకెళ్తుంది అని కూడా చెప్పాలనుకుంది, దానికి మాటలు దొరకలేదు, అరుణశ్రీ వైపు చెయ్యి చూపించింది.

ఆ మనిషి అరవలేదు, బతిమాలలేదు. విన్నాను అన్నట్టు తలాడించింది. దేవమణి మణికట్టు చుట్టూ ఉన్న వేళ్ళు ఒక్కొక్కటీ తనే విప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆటో ఎప్పుడు కదులుతుందా అన్నట్టు డ్రైవరు వీపు వైపు చూస్తూ కూర్చుంది.